రెండున్నర లీటర్ల సీసా ఎందుకు వెనక్కి వచ్చింది?

విమాన సరుకు రవాణాపై పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు 'డీజీ' గురించే. డీజీ అంటే డేంజరస్ గూడ్స్, ప్రమాదకర సరుకు. కార్గో కాంప్లెక్సుల్లో అందరూ అనే మాట అదే కనుక ఇక్కడా అదే వాడుతున్నాం. కింద చెప్పిన పరిమితులకు ఆధారం అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం అయాటా వారి ప్రమాదకర సరుకు నిబంధనల పుస్తకం, డీజీఆర్. దానికి ఏటా జనవరి 1 నుంచి కొత్త ఎడిషన్ అమల్లోకి వస్తుంది. బీరువాలో నిరుటి పుస్తకం ఉంటే, పెట్టె కట్టేముందు దాన్ని పక్కన పెట్టండి.

ప్రశ్న: మాది చిన్న సాల్వెంట్ యూనిట్. జర్మనీలో ఒక ల్యాబ్‌కు హెచ్‌పీఎల్‌సీ (ల్యాబ్ విశ్లేషణ) గ్రేడ్ అసిటోనైట్రైల్ 20 లీటర్లు పంపాలి. రెండున్నర లీటర్ల గాజు సీసాలు ఎనిమిది, పెట్టెకు నాలుగు చొప్పున రెండు యూఎన్ పెట్టెల్లో (ఐక్యరాజ్యసమితి ప్రమాణాల ప్రకారం పరీక్షించి గుర్తు వేసినవి) సర్దాం. ప్యాసింజర్ విమానంలో బుక్ చేశాం. శంషాబాద్‌లో ఎయిర్‌లైన్ వాళ్లు తిప్పి పంపారు. పెట్టె సర్టిఫికెట్ ఉంది, లేబుళ్లు ఉన్నాయి. తప్పెక్కడ? (జీడిమెట్ల నుంచి)

జవాబు: తప్పు పెట్టెది కాదు, సీసా సైజుది. అసిటోనైట్రైల్ యూఎన్ నంబరు 1648, క్లాస్ 3, అంటే మండే ద్రవం. దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) 2 డిగ్రీల దగ్గర, మరిగేది 82 దగ్గర. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపు ఉండి, మరిగే ఉష్ణోగ్రత 35 దాటితే అది ప్యాకింగ్ గ్రూప్ 2 (గ్రూప్ 1 అంటే ప్రమాదం ఎక్కువ, 3 అంటే తక్కువ). ఈథర్‌లా 35 లోపే మరిగితే గ్రూప్ 1. ఫ్లాష్ పాయింట్ 23 నుంచి 60 మధ్య ఉంటే గ్రూప్ 3.

గ్రూప్ 2 అని తేలాక ఏ విమానం అన్నది చూడాలి. ప్యాసింజర్ విమానానికి ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 353 వర్తిస్తుంది. దాని ప్రకారం ఒక్కో పెట్టెలో 5 లీటర్లు మించకూడదు, లోపలి గాజు సీసా 1 లీటరు మించకూడదు. మీ పెట్టెలో 10 లీటర్లున్నాయి, సీసా రెండున్నర లీటర్లది. రెండు లెక్కలూ తప్పాయి. అదే సరుకు కార్గో విమానంలో వెళ్తే 364 వర్తిస్తుంది. అక్కడ పెట్టెకు 60 లీటర్ల దాకా, గాజు సీసా రెండున్నర లీటర్ల దాకా ఒప్పుకుంటారు. అంటే మీరు కార్గో విమానానికి సరిపోయేలా ప్యాక్ చేసి ప్యాసింజర్ విమానానికి బుక్ చేశారు. ల్యాబ్ సాల్వెంట్లు మార్కెట్లో ఎక్కువగా రెండున్నర లీటర్ల సీసాల్లోనే దొరుకుతాయి కాబట్టి ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

ఇప్పుడు మీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఉన్న పెట్టెలనే ఉంచి, 'కార్గో ఎయిర్‌క్రాఫ్ట్ ఓన్లీ' అన్న నారింజరంగు లేబుల్ అంటించి, పత్రాల్లో 364 అని రాసి, కార్గో విమానంలో చోటు కోసం చూడటం. మీ తేదీకి హైదరాబాద్ నుంచి కార్గో విమానం దొరక్కపోతే లారీ మీద బెంగళూరుకో చెన్నైకో ముంబైకో పంపాలి. అప్పుడు రోడ్డు నిబంధనలు కూడా వచ్చిపడతాయి: బండిలో ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పేది), ప్రమాదకర సరుకు శిక్షణ ఉన్న డ్రైవరు. రెండోది, 1 లీటరు సీసాలు తెచ్చుకుని పెట్టెకు 5 చొప్పున నాలుగు పెట్టెలు కట్టడం. పెట్టెల ఖర్చు, చార్జబుల్ వెయిట్ (రవాణా చార్జీ లెక్కకట్టే బరువు) పెరుగుతాయి. అయినా 20 లీటర్ల కోసం కార్గో విమానం వెంట పడటం కన్నా ఇదే నయం. ప్యాసింజర్ విమానాలు రోజూ ఉంటాయి. ఒకదాన్లో చోటు దొరక్కపోతే మర్నాటి దాన్లో ఎక్కుతుంది.

ఇక పెట్టె మీది గుర్తు సంగతి. ఉదాహరణకు '4జీ/వై20/ఎస్/25/ఐఎన్‌డీ' అని ఉందనుకోండి. 4జీ అంటే అట్టపెట్టె. వై అంటే గ్రూప్ 2, గ్రూప్ 3 సరుకుకు పనికొస్తుందని. ఎక్స్ అయితే మూడు గ్రూపులకూ, జెడ్ అయితే గ్రూప్ 3కి మాత్రమే. 20 అంటే సరుకు, సీసాలు, మెత్తలు, పెట్టె అన్నీ కలిపి మొత్తం బరువు 20 కిలోలు దాటకూడదని. ఎస్ అంటే ఘన పదార్థాలకు లేదా లోపల విడి సీసాలున్న ప్యాకింగుకు పరీక్షించారని. 25 తయారైన సంవత్సరం, ఐఎన్‌డీ మన దేశం. మన దగ్గర ఈ పరీక్షలు చేసి సర్టిఫికెట్ ఇచ్చేది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్. హైదరాబాద్‌లోనూ వారి కేంద్రం ఉంది. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. సర్టిఫికెట్ ఖాళీ పెట్టెకు ఇచ్చింది కాదు. ఫలానా సీసా, ఫలానా మూత, ఫలానా మెత్త, ఫలానా వెడల్పు టేపుతో కలిపి పరీక్షించి ఇచ్చింది. సీసా కంపెనీ మార్చి, అదే పెట్టెలో పెట్టి, అదే కాగితం చూపిస్తే చెల్లదు. లోపలి సీసాలు మార్చుకునే వెసులుబాటు 4జీవీ రకం పెట్టెలకు ఉంది. వాటికీ షరతులున్నాయి, ధర కూడా ఎక్కువే.

ప్రశ్న: సీసాలు పగలకుండా పెట్టెలో రంపపు పొట్టు నింపుతున్నాం. చవక, మెత్తగా ఉంటుంది. ఈమధ్య ఒకరు వద్దన్నారు. అంత ప్రమాదమా? పైగా, సీసా పగలకపోయినా కొన్నిసార్లు మూత దగ్గర చెమ్మ కనిపిస్తోంది. (పరవాడ నుంచి)

జవాబు: సరుకును బట్టి అది ప్రాణం మీదికి తెచ్చే సంగతే. 1973 నవంబర్ 3న పాన్ అమెరికన్ సంస్థకు చెందిన బోయింగ్ 707 సరుకు విమానం న్యూయార్క్ నుంచి స్కాట్లండ్‌కు బయల్దేరింది. అందులో నైట్రిక్ యాసిడ్ సీసాలను రంపపు పొట్టులో సర్దిన పెట్టెలున్నాయి. యాసిడ్ కారి పొట్టును తాకింది, పొగ కాక్‌పిట్ దాకా పాకింది. బోస్టన్ విమానాశ్రయంలో దించబోతూ కూలిపోయింది. ముగ్గురు సిబ్బందీ చనిపోయారు. నైట్రిక్ యాసిడ్, పెరాక్సైడ్ లాంటి ఆక్సీకారకాల చుట్టూ పొట్టు, కాగితపు ముక్కలు, ఊక, గడ్డి ఏవీ ఉండకూడదు. మీరు పంపేది ఆక్సీకారకం కాకపోయినా పొట్టు మానేయండి. ఈరోజు టోలుయిన్ పెట్టెలకు వాడిన బస్తా రేపు యాసిడ్ పెట్టెల దగ్గరికి చేరదన్న హామీ ఏ గోడౌన్‌లోనూ లేదు. వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజపు పలుకులు) కొనుక్కోండి. అది మండదు, ద్రవాన్ని పీల్చుకుంటుంది, మెత్తగానూ ఉంటుంది.

మూత దగ్గర చెమ్మకు మూడు కారణాలుంటాయి. మొదటిది, గొంతుదాకా నింపడం. విమాన సరుకు 55 డిగ్రీల వేడి దాకా తట్టుకోవాలని నియమం. ఆ వేడిలోనూ ద్రవం సీసాను పూర్తిగా నింపేయకూడదు. 25 డిగ్రీల దగ్గర నింపిన అసిటోనైట్రైల్ 55 కి చేరేసరికి సుమారు 4 శాతం పెరుగుతుంది. అంటే రెండున్నర లీటర్ల సీసాలో 100 మిల్లీలీటర్లు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ లారీలో ఆ పెరుగుదల ఎటు పోవాలి? పైన ఖాళీ వదలకపోతే మూతలోంచే.

రెండోది ఒత్తిడి. పైకెళ్లాక సరుకు గదిలో గాలి ఒత్తిడి 68 కిలోపాస్కల్స్ దాకా తగ్గుతుంది. సీసాలో మాత్రం నేల మీది 100 అలాగే ఉంటుంది. లోపలి గాలి మూతను బయటికి తోస్తూ ఉంటుంది. అందుకే ద్రవాలు పట్టే సీసా లేదా డబ్బా 95 కిలోపాస్కల్స్ తేడాను కారకుండా తట్టుకోవాలి. క్లాస్ 3లోనూ, విషపదార్థాల 6.1లోనూ గ్రూప్ 3 సరుకుకు 75 చాలు. నేల మీద తలకిందులు చేసి చూస్తే కారలేదన్నది దీనికి పరీక్ష కానేకాదు.

మూడోది బిగింపు. ప్లాస్టిక్ మూతను బిగించిన కొన్ని గంటలకే పట్టు కాస్త సడలుతుంది. సరఫరాదారు ఇచ్చే మూత బిగింపు సూచనల్లో టార్క్ అంకె ఉంటుంది. ఆ అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించి, మర్నాడు పెట్టె మూసేముందు మళ్లీ చూడాలి. దాని మీద రెండో కట్టు తప్పనిసరి: టేపు చుట్టడమో, ష్రింక్ బ్యాండ్ వేయడమో. విమానం వణుకుడుకు మర మూత దానంతటదే తిరిగి వదులవుతుంది కాబట్టే ఈ నియమం పెట్టారు. చివరగా, ద్రవాల పెట్టె మీద బాణం గుర్తులు ఎదురెదురు రెండు పక్కలా ఉండాలి. ఒక పక్కే ఉంటే వెనక్కి వస్తుంది.

ప్రశ్న: షిప్పర్స్ డిక్లరేషన్ (సరుకులోని ప్రమాదం గురించి పంపేవారు సంతకం చేసి ఇచ్చే పత్రం) ఒకే కన్‌సైన్‌మెంటుకు మూడుసార్లు తిరిగొచ్చింది. ప్రతిసారీ ఒక కొత్త తప్పు చెబుతున్నారు. అన్నీ ఒకేసారి చెప్పరా? (బొల్లారం నుంచి)

జవాబు: ఎయిర్‌లైన్ అంగీకార విభాగం చేతిలో ఒక చెక్‌లిస్టు ఉంటుంది. అందులో ఒక్క గడికి 'కాదు' అని పడినా సరుకు ఆగిపోవాల్సిందే. దిద్దిన పత్రం వస్తే చెక్‌లిస్టు మళ్లీ మొదటినుంచీ నింపుతారు. మొదటిసారి కన్ను దాటిపోయింది రెండోసారి దొరుకుతుంది. కోపం వచ్చే మాటే, కానీ అది పంతం కాదు. అలాంటి చెక్‌లిస్టు ఖాళీది అయాటా ఉచితంగానే అందిస్తుంది. దాన్ని మీరే ముందు నింపుకుని చూడండి. మూడు తిరుగుళ్లలో రెండు తప్పుతాయి.

తరచుగా దొర్లే తప్పులు ఇవీ. సరుకు పేరు దగ్గర వ్యాపారనామం రాస్తారు. అక్కడ ఉండాల్సింది డీజీఆర్ జాబితాలో ఉన్న ప్రాపర్ షిప్పింగ్ నేమ్ మాత్రమే. 'ఫ్లేమబుల్ లిక్విడ్, ఎన్ఓఎస్' (జాబితాలో విడిగా పేరు లేనిది) లాంటి సాధారణ పేరైతే, పక్కనే బ్రాకెట్లో ప్రమాదానికి కారణమైన రసాయనం పేరు ఉండాలి. అది రాయడం మరిచిపోవడమే వీటన్నిటిలోకీ పెద్ద దోషం. వరుస కూడా ముఖ్యం: యూఎన్ నంబరు, పేరు, క్లాస్, ఇంకో ప్రమాదం కూడా ఉంటే దాని అంకె బ్రాకెట్లో, ప్యాకింగ్ గ్రూప్, ఆ తర్వాత ఎన్ని పెట్టెలు, ఏ రకం, ఒక్కోదాంట్లో ఎంత, చివరికి ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ నంబరు. మిథనాల్‌నే తీసుకోండి. యూఎన్ 1230 క్లాస్ 3 అని రాసి 6.1 వదిలేస్తారు. అది మండేదే కాదు, విషం కూడా. కాబట్టి పత్రం మీద బ్రాకెట్లో 6.1 ఉండాలి, పెట్టె మీద రెండు లేబుళ్లూ ఉండాలి. పైగా ప్యాసింజర్ విమానంలో దాని పరిమితి పెట్టెకు 1 లీటరే. ఇథనాల్‌లా 5 లీటర్లనుకుంటే పొరపాటు.

పరిమాణం విషయంలో 'మొత్తం 20 లీటర్లు' అని రాస్తే చెల్లదు. '4 ఫైబర్‌బోర్డ్ బాక్సెస్, ఒక్కోదాంట్లో 5 లీటర్లు' అన్న అర్థం వచ్చేలా పెట్టె లెక్కన రాయాలి. ప్యాసింజర్, కార్గో అన్న రెండు గడుల్లో వర్తించనిదాన్ని కొట్టివేయాలి. చాలామంది రెండూ అలాగే వదిలేస్తారు. దిద్దుబాటు ఏది చేసినా, కింద సంతకం పెట్టినవారే దిద్దిన చోటా అదే సంతకం పెట్టాలి. ఏజెంటు ఆఫీసు కుర్రాడు తన పొడి అక్షరాలు పెడితే పనికిరాదు. పెట్టె మీది చిరునామా, పత్రంలోది అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. కుడి ఎడమల అంచుల్లో ఏటవాలు గీతలు ఎర్రగానే ఉండాలి, నలుపు ప్రింటరులో తీసింది తీసుకోరు. సంతకం చేసిన రెండు ప్రతులు సరుకుతో ఇచ్చి, మీ దగ్గర ఒకటి కనీసం మూడు నెలలు దాచుకోండి. అమెరికాకు వెళ్లే సరుకైతే 24 గంటలూ పలికే అత్యవసర ఫోన్ నంబరు పత్రంలో ఉండాలి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే సెక్యూరిటీ గార్డు ఎత్తే నంబరు కాదు, ఆ రసాయనం గురించి చెప్పగలిగినవారిది.

ఇంకొకటి, పాత పెట్టె వాడితే దాని మీది పాత లేబుళ్లు పూర్తిగా చెరిపేయాలి. లోపల డీజీ లేకపోయినా బయట వజ్రాకారపు క్లాస్ 3 లేబుల్ కనిపిస్తే ఆ పెట్టె ఎక్కదు.

ప్రశ్న: డిక్లరేషన్ మీద క్లియరింగ్ ఏజెంటు సంతకం పెట్టొచ్చా? ఆయనకు డీజీ శిక్షణ ఉంది, మాకు లేదు. (విజయవాడ నుంచి)

జవాబు: మీ తరఫున చేయమని మీరు రాతపూర్వకంగా అప్పగించి, ఆయనకు చెల్లుబాటయ్యే శిక్షణ ఉంటే పెట్టవచ్చు. శిక్షణ డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) ఆమోదించిన సంస్థలో పొందినదై ఉండాలి, 24 నెలలకోసారి మళ్లీ చేయాలి. అయితే షిప్పర్ బాధ్యత ఆయనకు బదిలీ కాదు. డబ్బాలో ఏముందో తెలిసింది మీకే. మీరు చెప్పిన ఫ్లాష్ పాయింట్ తప్పయితే ఆయన శిక్షణ ఎంతున్నా పత్రం తప్పే. మీ దగ్గర కనీసం ఒకరికైనా శిక్షణ ఇప్పించుకోండి. ఏడాదిలో రెండు కన్‌సైన్‌మెంట్లు తిరిగొస్తే అయ్యే ఖర్చు ముందు ఆ ఫీజు లెక్కలోకి రాదు.

ప్రశ్న: కొనేవారికి నమూనాగా అసిటోనైట్రైల్ ద్రావణం 10 మిల్లీలీటర్ల వయల్స్ 20 పంపాలి. దీనికీ ఇంత తతంగమా? (నాచారం నుంచి)

జవాబు: ఇంత అక్కర్లేదు. అసిటోనైట్రైల్‌కు జాబితాలో ఈ2 అన్న కోడ్ ఉంది. అంటే లోపలి సీసా 30 మిల్లీలీటర్ల దాకా, పెట్టె మొత్తం 500 మిల్లీలీటర్ల దాకా 'ఎక్సెప్టెడ్ క్వాంటిటీ' కింద వెళ్లవచ్చు. మీది మొత్తం 200. డిక్లరేషన్ అవసరం లేదు, యూఎన్ పెట్టె అవసరం లేదు. కానీ వయల్, దాని చుట్టూ పీల్చే మెత్తతో మధ్య సంచి లేదా డబ్బా, ఆపైన గట్టి పెట్టె అన్న మూడు పొరలూ ఉండాలి. 1.8 మీటర్ల ఎత్తు నుంచి పడేసినా లోపల పగలకూడదు, కారకూడదు. పెట్టె మీద గీతల అంచున్న చదరపు గుర్తు, అందులో క్లాస్ అంకె ఉండాలి. ఎయిర్ వేబిల్ (విమాన సరుకు రవాణా పత్రం) మీద 'డేంజరస్ గూడ్స్ ఇన్ ఎక్సెప్టెడ్ క్వాంటిటీస్' అని, ఎన్ని పెట్టెలో రాయాలి. ఈ దారి పోస్టుకు పనికిరాదు, ప్రయాణికుడి సూట్‌కేసుకూ పనికిరాదు. విదేశానికి వెళ్లే సేల్స్ మేనేజరు బ్యాగులో వేసి పంపే అలవాటుంటే ఈరోజే ఆపండి.

ప్రశ్న: మా ఏపీఐ (మందుల తయారీకి మూల పదార్థం) పౌడర్ 3 కిలోలు స్పెయిన్‌కు వెళ్లాలి. ఎస్‌డీఎస్‌లో (రసాయన భద్రతా సమాచార పత్రంలో) 'హానికరం' అని ఉంది. డీజీయా, కాదా? (సంగారెడ్డి నుంచి)

జవాబు: 'హానికరం' అన్న మాటను బట్టి చెప్పలేం, ఎస్‌డీఎస్ సెక్షన్ 2లోని హెచ్ కోడ్లు (ప్రమాద సూచికలు) చూడండి. నోటి ద్వారా ఎల్‌డీ50 (ప్రయోగ జంతువుల్లో సగం చనిపోయే మోతాదు) కిలోకు 300 మిల్లీగ్రాములు, అంతకన్నా తక్కువైతే రవాణా లెక్కలో విషం, 6.1. అది 50 దాటి 300 దాకా ఉంటే గ్రూప్ 3, 5 దాటి 50 దాకా గ్రూప్ 2, 5 గానీ అంతకు తక్కువ గానీ అయితే గ్రూప్ 1. హెచ్301 ఉంటే గ్రూప్ 3 అనీ, హెచ్300 ఉంటే గ్రూప్ 1 లేదా 2 అనీ మొదటి అంచనా. హెచ్302 మాత్రమే ఉంటే నోటి విషం లెక్కన డీజీ కాదు. చర్మం, పీల్చడం లెక్కలు విడిగా చూసుకోవాలి. నీటి జీవులకు హాని అన్న హెచ్410, హెచ్411 మాత్రమే ఉంటే యూఎన్ 3077 (పర్యావరణానికి హానికరమైన ఘనపదార్థం) కిందికి వస్తుంది. అయితే లోపలి ప్యాకింగు 5 కిలోలు మించకపోతే దానికి మినహాయింపు ఉంది. మీది 3 కిలోలే.

ఎస్‌డీఎస్ సెక్షన్ 14లో 'నాట్ రెగ్యులేటెడ్' అని ఉంటే అది రోడ్డుకా, ఓడకా, విమానానికా అన్నది తప్పక చూడండి. ఒక్క దేశం రోడ్డు నియమాన్నే రాసి వదిలేసిన ఎస్‌డీఎస్‌లు కోకొల్లలు. ఇంకో మాట: ఎఫెడ్రిన్, ఎసెటిక్ ఎన్‌హైడ్రైడ్ లాంటివి నార్కోటిక్స్ చట్టం కింద నియంత్రిత పదార్థాలు. వాటి ఎగుమతికి గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. అది డీజీ పనితో సంబంధం లేని వేరే పని. విమానం తేదీ పెట్టుకున్నాక మొదలుపెడితే అందదు.

ప్రశ్న: రక్త నమూనాలు డ్రై ఐస్‌లో విదేశీ ల్యాబ్‌కు పంపుతున్నాం. ఒకసారి చేరేసరికి ట్యూబులు విరిగి ఉన్నాయి, మరోసారి లేబుల్ తప్పని ఆపారు. (హైదరాబాద్ నుంచి)

జవాబు: మామూలు రోగనిర్ధారణ నమూనాలయితే యూఎన్ 3373, బయోలాజికల్ సబ్‌స్టెన్స్ కేటగిరీ బి, ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 650. ట్యూబు ఒక పొర, కారని రెండో డబ్బా ఇంకో పొర, బయటి గట్టి పెట్టె మూడో పొర. మొదటి రెంటికీ మధ్య మొత్తం ద్రవాన్ని పీల్చేంత మెత్త ఉండాలి. ఒక్కో ట్యూబులో 1 లీటరు, పెట్టెలో 4 లీటర్లు దాటకూడదు. ఐస్ ఈ లెక్కలోకి రాదు.

ట్యూబులు విరగడానికి కారణం దాదాపు ఖాయంగా ఇదే: డ్రై ఐస్ కరిగి నీరు కాదు, నేరుగా వాయువై పోతుంది. చుట్టూ ఐస్ ఉన్నంతసేపు రెండో డబ్బా కదలదు. ఐస్ తగ్గేకొద్దీ దాని చోటు ఖాళీ అయి, డబ్బా పెట్టెలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. అందుకే ఐస్ అంతా పోయినా డబ్బాను కదలనివ్వని థర్మోకోల్ ఆధారమో, అట్ట చట్రమో లోపల ఉండాలని నియమంలోనే ఉంది. ఐస్‌ను రెండో డబ్బా బయటే పెట్టాలి. లోపల పెడితే డబ్బా బిగుతుగా మూసి ఉంటుంది కనుక పేలుతుంది. ఒక కిలో డ్రై ఐస్ 500 లీటర్లకు పైగా వాయువు అవుతుంది. థర్మోకోల్ పెట్టె మూత చుట్టూ గాలి చొరకుండా టేపు చుట్టేవాళ్లున్నారు. 'చల్లదనం నిలుస్తుంద'ని అంటారు. అదే పనిగా చేసే తప్పు అది. వాయువుకు దారి ఉండాల్సిందే.

లేబుల్ సంగతి: డ్రై ఐస్‌కు క్లాస్ 9 లేబుల్, అంటే పైన నలుపు తెలుపు చారలుండి కింద 9 ఉన్నది. చారల కింద బ్యాటరీల బొమ్మ ఉన్నది లిథియం లేబుల్. రెండూ ఒక చూపులో ఒకేలా కనిపిస్తాయి. మీ ప్యాకింగ్ టేబుల్ మీద రెండు చుట్టలూ పక్కపక్కనే ఉంటే తప్పు జరిగింది అక్కడే. పెట్టె మీద యూఎన్ 1845, డ్రై ఐస్, నికర బరువు కిలోల్లో రాయాలి. యూఎన్ 3373 నమూనాలకూ డ్రై ఐస్‌కూ షిప్పర్స్ డిక్లరేషన్ అక్కర్లేదు. వేబిల్ మీద రెండు యూఎన్ నంబర్లు, పేర్లు, డ్రై ఐస్ పెట్టెల సంఖ్య, ఒక్కోదాని బరువు ఉంటే చాలు. డ్రై ఐస్ పెట్టెకు 200 కిలోల దాకా పరిమితి ఉన్నా, ఒక విమానం మొత్తం మీద ఎంత అన్నది ఎయిర్‌లైనే తేలుస్తుంది. అందుకని బుకింగ్‌లోనే బరువు చెప్పండి.

ప్రశ్న: పేషంట్ మానిటర్లు ఎగుమతి చేస్తాం. లోపలి బ్యాటరీ 14.8 వోల్టులు, 6600 ఎంఏహెచ్. కొత్త మోడల్‌కు 8800 ఎంఏహెచ్. మొదటిది ఇబ్బంది లేకుండా పోతోంది, రెండోదానికి డిక్లరేషన్ అడుగుతున్నారు. (విశాఖపట్నం నుంచి)

జవాబు: వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 14.8 ఇంటూ 6.6 అంటే 97.68 వాట్ అవర్. 14.8 ఇంటూ 8.8 అంటే 130.24. గీత 100 దగ్గరుంది. లిథియం బ్యాటరీల ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్లలో దాని లోపు సెక్షన్ 2: పెట్టె మీద బ్యాటరీ గుర్తు, వేబిల్ మీద ఒక వాక్యం చాలు. దాటితే సెక్షన్ 1: యూఎన్ 3481, క్లాస్ 9 బ్యాటరీ లేబుల్, డిక్లరేషన్, శిక్షణ పొందిన మనిషి సంతకం. పరికరంలో బిగించి ఉంటే ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 967. అదే పెట్టెలో విడిగా ఉంటే 966, అప్పుడు పరికరానికి కావలసినవి పోను రెండు సెట్లకు మించి స్పేర్లు ఉండకూడదు. సెక్షన్ 1లో బ్యాటరీల బరువు పెట్టెకు ప్యాసింజర్ విమానంలో 5 కిలోలు, కార్గోలో 35. 2026 జనవరి నుంచి 966 కింద వెళ్లే బ్యాటరీల చార్జి కూడా 30 శాతం మించకూడదు. బ్యాటరీలు ఒంటరిగా వెళ్తే యూఎన్ 3480. 2016 ఏప్రిల్ నుంచి వాటికి ప్యాసింజర్ విమానాల్లో చోటు లేదు, చార్జి 30 శాతం లోపే ఉండాలి.

ఎవరూ అడగరు గానీ చెప్పాల్సింది: ఉబ్బిన, వేడెక్కిన, కంపెనీ వెనక్కి పిలిచిన బ్యాటరీలు విమానంలో అసలు వెళ్లకూడదు. విదేశీ ఆసుపత్రి వారంటీ కింద 'పాడైన బ్యాటరీ వెనక్కి పంపుతాం' అంటే, కొరియర్‌లో వేయకుండా అక్కడే రీసైక్లింగ్‌కు ఇవ్వమని ముందే రాయండి. ఆ మాట అమ్మకపు ఒప్పందంలోనే ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: చార్మినార్ దగ్గర అత్తరు తయారుచేస్తాం. దుబాయ్ ఆర్డరు వచ్చింది. అత్తరు డీజీ కాదని కొందరు, అవునని కొందరు. (హైదరాబాద్ పాతబస్తీ నుంచి)

జవాబు: ఇద్దరి మాటా నిజమే. గంధపు నూనె మీద కట్టిన అత్తరు ఫ్లాష్ పాయింట్ క్లోజ్డ్ కప్ పరీక్షలో 60 డిగ్రీలు దాటితే క్లాస్ 3 కాదు. ఆ ల్యాబ్ రిపోర్టు సరుకుతో పంపండి, నోటిమాట ఎవరూ నమ్మరు. స్పిరిట్ కలిపిన స్ప్రే అయితే యూఎన్ 1266, దాదాపు ఎప్పుడూ గ్రూప్ 2. చిల్లర అమ్మకానికి ప్యాక్ చేసిన చిన్న సీసాలకు ఐడీ 8000, 'కన్స్యూమర్ కమోడిటీ' అన్న దారి ఉంది. సీసా 500 మిల్లీలీటర్లు, పెట్టె మొత్తం బరువు 30 కిలోల దాకా పంపొచ్చు. యూఎన్ పెట్టె అక్కర్లేదు, డిక్లరేషన్ మాత్రం కావాలి. కొన్ని ఎయిర్‌లైన్లు దీన్ని తీసుకోవు. కాబట్టి రేటు అడిగేటప్పుడే ఈ మాటా అడగండి.

ప్రశ్న: డాలస్‌లో అమ్మాయి గృహప్రవేశం. హారతి కర్పూరం, ఎండు కొబ్బరి చిప్పలు, ఒక పవర్‌బ్యాంక్ తీసుకెళ్లాలి. ఏది ఎక్కడ పెట్టాలి? (గుంటూరు నుంచి)

జవాబు: అమ్మా, కర్పూరం ఎక్కడా పెట్టకండి. అది యూఎన్ 2717, క్లాస్ 4.1 మండే ఘనపదార్థం. కార్గోగా పద్ధతి ప్రకారం వెళ్తుంది గానీ ప్రయాణికుల బ్యాగుల్లో, చేతి సంచీలో కూడా కుదరదు. డాలస్‌లో భారతీయ దుకాణాలకు కొదవ లేదు, అక్కడే కొనుక్కోవచ్చు. ఎండు కొబ్బరి యూఎన్ 1363, క్లాస్ 4.2. నూనె ఎక్కువ కావడంతో గాలి తగలని చోట దానంతటదే వేడెక్కుతుంది. అదీ చెక్-ఇన్ బ్యాగులో వద్దు, కనిపిస్తే పెట్టె తెరిపిస్తారు. పవర్‌బ్యాంక్ చేతి సంచీలోనే, చెక్-ఇన్‌లో వద్దు. దాని మీద 20000 ఎంఏహెచ్ ఉంటే 74 వాట్ అవర్, పర్వాలేదు. 30000 అయితే 111, ఎయిర్‌లైన్ అనుమతి ముందే అడగాలి. అంకెలు చెరిగిపోయిన పాతది ఉంటే ఇంట్లోనే వదిలేయండి, చదవలేనిదాన్ని భద్రతా సిబ్బంది ఒప్పుకోరు. ఆవకాయ గురించి మీరు అడగలేదు గానీ, అది డీజీ కాదు. నూనె కారకుండా చూసుకోండి, అంతే.